వచ్చీరాని తెలుగు: రూపమూ, అర్థమూ

మన నాటకాల్లో, సినిమాల్లో, కొంతవరకు కథల్లో కూడా ఒక పాత్ర చాలాకాలంగా నవ్వులు పంచిపెడుతూ వస్తోంది. తెలుగు మాతృభాష కాని పాత్ర అది. వడ్డీవ్యాపారి సేటు కావచ్చు, వీధి చివరి సాయిబు కావచ్చు, కొండ దిగి సంతకొచ్చిన గిరిజనుడు కావచ్చు. నోరు విప్పితే చాలు, మగవాణ్ణి ఆడదాన్ని చేస్తాడు, ఒక్కణ్ణి పదిమందిని చేస్తాడు, 'నాకీ', 'నీకీ' అంటాడు. హాలు గొల్లుమంటుంది. రచయితకు పెద్ద శ్రమ కూడా ఉండదు. నాలుగు ప్రత్యయాలను అటూ ఇటూ విసిరేస్తే హాస్యం సిద్ధం.

ఈ హాస్యం మీద అభ్యంతరం మర్యాదకు సంబంధించింది మాత్రమే అయితే ఇంత రాయనక్కరలేదు. అది వాస్తవం కాదు. వాస్తవికతను కొలబద్దగా పెట్టుకున్న మనం ముందు పట్టించుకోవలసింది దీన్నే. రెండో భాష నేర్చుకునే మనిషి ఎవరూ చేతికొచ్చినట్టు తప్పులు చెయ్యరు. ఆ తప్పులకు ఒక వరస ఉంటుంది, ఒక తర్కం ఉంటుంది. 1967లో పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రజ్ఞుడు ఒక చిన్న వ్యాసంలో ఈ మాట గట్టిగా చెప్పాడు: నేర్చుకునేవాడు చేసే తప్పు వాడి మందబుద్ధికి గుర్తు కాదు, ఆ సమయానికి వాడు ఏ నియమాన్ని పాటిస్తున్నాడో తెలిపే సాక్ష్యం. 1972లో లారీ సెలింకర్ ఈ నడిమి దశకు 'ఇంటర్‌లాంగ్వేజ్' అని పేరు పెట్టాడు. మధ్యభాష అనుకోవచ్చు. అది మాతృభాష నకలు కాదు, నేర్చుకుంటున్న భాషకు విరిగిన ముక్కా కాదు. దానికి దాని వ్యాకరణం ఉంది.

ఆ వ్యాకరణంలో రూపానికీ అర్థానికీ ముడి ఎలా పడుతుందన్నదే ప్రశ్న. 'వచ్చాడు'లో 'డు', 'నాకు'లో 'కు', 'మేము'లో 'మే' — ఇవి ఫలానా అర్థాన్ని మోస్తున్నాయని కొత్తగా వినేవాడికి ఎలా తెలుస్తుంది? మనకు తల్లి ఒళ్లో తెలిసింది కనుక ఇది ప్రశ్నే అనిపించదు.

'నిన్న మా ఊళ్లో వాన కురిసింది' అన్న వాక్యం తీసుకోండి. తెలుగు కొద్దిగా వచ్చినవాడు దీన్ని వింటూ ఏం చేస్తాడు? మాట దొర్లిపోతోంది. ఆగి విడదీసుకునే వ్యవధి లేదు. ముందు 'వాన' పట్టుకుంటాడు. 'నిన్న' పట్టుకుంటాడు. 'ఊళ్లో' దొరికితే సంతోషం. ఇక 'కురిసింది'లో భూతకాలాన్ని చెప్పే భాగం మీదికి వాడి దృష్టి ఎందుకు పోవాలి? జరిగిపోయిన సంగతి అని 'నిన్న' అప్పుడే చెప్పేసింది. రెండు చేతులతో సంచులు మోస్తున్నవాడికి మూడో సంచి అందించినట్టే అది. బిల్ వాన్‌పాటెన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1990ల నుంచి ఈ విషయాన్నే సిద్ధాంతంగా చెప్తూ వచ్చాడు: నేర్చుకునేవాడు అర్థం కోసం వింటాడు, అర్థాన్ని ముందు మాటల్లో వెతుకుతాడు, మాట చెప్పిన సంగతినే ప్రత్యయం కూడా చెప్తుంటే ప్రత్యయాన్ని వదిలేస్తాడు. ఇంగ్లీషులో 'హి గోస్' అనేటప్పుడు చివరి 'స్' మన పిల్లలకు పదేళ్లు చదివినా నిలవకపోవడానికి కారణం ఇదే. 'హి' అన్నాక ఆ 'స్' కొత్తగా చెప్పేదేమీ లేదు. 1974లో డూలే, బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో స్పానిష్ మాట్లాడే పిల్లల్నీ, చైనీస్ మాట్లాడే పిల్లల్నీ పోల్చిచూస్తే, ఇళ్లలో భాషలు వేరైనా ఇద్దరిలోనూ ఇంగ్లీషు ప్రత్యయాలు ఇంచుమించు ఒకే వరసలో కుదురుకున్నాయి. 'ఇంగ్' ముందు వచ్చింది, ఈ 'స్' చాలా వెనక వచ్చింది. ప్రతి తప్పునూ మాతృభాష నెత్తిన రుద్దే మన అలవాటు అంత సరైంది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. మన పిల్లలు 'ఐ యామ్ నోయింగ్' అంటే తెలుగు ప్రభావం అంటాం. తెలుగులో 'నాకు తెలుసు' అంటాం గాని 'నేను తెలుస్తున్నాను' అని ఎవరంటారు?

ఈ విషయానికి పెద్ద సాక్ష్యం తరగతి గదుల్లో కాక కర్మాగారాల్లో దొరికింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పడమటి ఐరోపా దేశాలకు చవకగా పనిచేసే చేతులు కావలసివచ్చాయి. టర్కీ, ఇటలీ, స్పెయిన్, మొరాకో, పంజాబుల నుంచి మనుషులు వెళ్లారు. వాళ్లకు ఎవరూ భాష నేర్పలేదు. 1981–88 మధ్య ఐరోపా సైన్స్ ఫౌండేషన్ తరఫున ఐదు దేశాల్లో — బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్ — ఇలాంటివాళ్ల మాటను చాలాకాలంపాటు రికార్డు చేసి పరిశీలించారు. వోల్ఫ్‌గాంగ్ క్లైన్, క్లైవ్ పెర్డ్యూ ఆ ఫలితాలను వివరించారు. పంజాబీ మాట్లాడేవాడి ఇంగ్లీషూ, టర్కీవాడి జర్మనూ, అరబ్బు ఫ్రెంచీ ఒక దశలో ఒకే తీరున ఉన్నాయి. క్రియకు ప్రత్యయాలుండవు, ఒక్క రూపమే. కాలాన్ని 'నిన్న', 'తర్వాత', 'ముందు' వంటి మాటలు చెప్తాయి. జరిగిన వరసలోనే సంగతులు చెప్తారు కనుక ముందూవెనకా తికమక లేదు. పని చేసేవాడు వాక్యంలో ముందు వస్తాడు. దీనికి వాళ్లు 'బేసిక్ వెరైటీ' అని పేరు పెట్టారు. మనం కనీసభాష అందాం.

దీన్ని అరకొర భాష అని తీసిపారెయ్యడానికి లేదు. ఉద్యోగం పోయిన వైనం, పోలీసులతో తగాదా, ప్రయాణాలు — అన్నీ ఆ కనీసభాషలోనే వాళ్లు చెప్పగలిగారు. కొందరు ఇంకా ముందుకు వెళ్లి ప్రత్యయాలు పట్టుకున్నారు. కొందరు అక్కడే ఆగిపోయారు. ఎందుకు ఆగిపోయారని అడిగినప్పుడు భాషాశాస్త్రం ఒక్కటే సమాధానం చెప్పలేదు. వాళ్లతో ఎవరు, ఏం మాట్లాడారన్నది కూడా చూడాలి. ఫెర్గూసన్ అనే పండితుడు 1971లోనే చూపించాడు: స్థానికులు పరదేశితో మాట్లాడేటప్పుడు తమ భాషనే విరగ్గొట్టి మాట్లాడతారు. ప్రత్యయాలు తీసేస్తారు, మాటలు ముక్కలు చేస్తారు. ఆ ముక్కలే విన్నవాడు ఆ ముక్కలే నేర్చుకుంటాడు. తర్వాత వాడికి భాష రాదని వాళ్లే నవ్వుతారు.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కు పోయిన మనవాళ్లు అక్కడ నేర్చుకున్న అరబ్బీ ఇలాంటిదే. భాషాశాస్త్రజ్ఞులు దానికి గల్ఫ్ పిడ్జిన్ అరబిక్ అని పేరే పెట్టారు. మరోవైపు ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలున్నాయి. బట్టీలో వాళ్ల చెవిని పడే తెలుగు ఎలాంటిది? రా, పో, తే, ఎత్తు, దించు, తొందరగా. అంతా విధ్యర్థకమే. 'వస్తావా?' అని అడిగేవాళ్లు లేరు, 'ఏమైందంటే' అని మొదలుపెట్టి కథ చెప్పేవాళ్లు లేరు, 'మనం' అనేవాళ్లు అసలే లేరు. ఆజ్ఞాపించే భాషలోంచి ఆజ్ఞారూపం తప్ప ఇంకేం నేర్చుకుంటారు? రూపానికీ అర్థానికీ ముడి పడాలంటే ముందు ఆ రూపం చెవిన పడాలి. ఏ రూపం ఎవరి చెవిన పడుతుందన్నది సమాజంలో వాళ్ల స్థానాన్నిబట్టి ఉంటుంది.

ఇప్పుడు తరగతి గదికి వద్దాం. 2018లో తెలంగాణ ప్రభుత్వం పాఠశాలలన్నిటిలో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఉర్దూ, హిందీ, మరాఠీ ఇళ్ల పిల్లలు, గోండి, కొలామీ, లంబాడీ ఇళ్ల పిల్లలు తెలుగును రెండో భాషగా చదువుతున్నారు. చట్టం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆ పిల్లలకు తెలుగు చెప్పే మనకు తెలుగు ప్రత్యయం ఎలా తలకెక్కుతుందో తెలుసా అన్నది ఇక్కడి చర్చ.

తెలుగు క్రియలో చివరి ప్రత్యయం ఇంగ్లీషు 'స్' లాంటిది కాదు. అది నిజంగా పనిచేస్తుంది. 'వచ్చాను' అంటే చాలు, 'నేను' అక్కరలేదు. మన మాటల్లో సగంసార్లు సర్వనామం ఉండనే ఉండదు. కాని రెండో భాషగా తెలుగు చెప్పే పుస్తకాలు ఏం చేస్తాయి? నేను వచ్చాను, నువ్వు వచ్చావు, అతడు వచ్చాడు, ఆమె వచ్చింది — అని పట్టిక వేస్తాయి. ప్రతి వాక్యంలోనూ సర్వనామం ముందే కూర్చుని ప్రత్యయానికి పని లేకుండా చేస్తుంది. పిల్లవాడు 'నేను' విని ఆగిపోతాడు. ఆ తర్వాత 'వచ్చాను' అన్నా 'వచ్చింది' అన్నా వాడికి తేడా లేదు. పట్టికను వందసార్లు వల్లె వేయించినా ఫలితం ఉండదు, ఎందుకంటే వల్లె వేయడానికి అర్థంతో పని లేదు. సర్వనామాన్ని తీసేయండి. 'తలుపు తీశాడు', 'తలుపు తీసింది', 'తలుపు తీశారు' అని మూడు వాక్యాలు చెప్పి, మూడు బొమ్మలు చూపించి, ఏ వాక్యం ఏ బొమ్మకు చెందుతుందో వేలు పెట్టమనండి. ఇప్పుడు ప్రత్యయాన్ని వినకపోతే సమాధానం దొరకదు. పిల్లవాడు ఒక్క మాట పలకనక్కరలేదు, వింటే చాలు. వాన్‌పాటెన్ సిఫారసు చేసిన పద్ధతి సారాంశం కూడా ఇదే. దీనికి ఏ పరికరాలూ అక్కరలేదు, సుద్దముక్క చాలు.

లింగం దగ్గర మన భాష కొత్తవాడికి వింతగా కనిపిస్తుంది. ఏకవచనంలో మగవాడు ఒక పక్క, స్త్రీ, పశువు, రాయి, రప్ప అంతా ఒక పక్క. 'అమ్మ వచ్చింది', 'ఆవు వచ్చింది', 'బస్సు వచ్చింది'. బహువచనంలోకి వచ్చేసరికి స్త్రీ మగవాడితో చేరిపోతుంది. 'ఆడవాళ్లు వచ్చారు', 'ఆవులు వచ్చాయి'. ఇందులో సమాజం స్త్రీని చూసిన చూపు ఎంత, భాష సొంత చరిత్ర ఎంత అన్నది తేల్చకుండా ఆవేశపడటం వల్ల ప్రయోజనం లేదు. నేర్చుకునేవాడి వైపు నుంచి చూద్దాం. వాడికి రోజంతా వినిపించేది 'ఇంది'. కరెంటు పోయింది, గంట కొట్టింది, టీచరమ్మ పిలిచింది, వాన పడింది. అన్నిటికన్నా ఎక్కువచోట్ల పనికొచ్చే రూపం అదే కనుక వాడు దాన్నే పట్టుకుని 'నాన్న వచ్చింది' అంటాడు. నా తరగతుల్లో ఉర్దూ ఇళ్ల పిల్లల దగ్గర తరచుగా విన్న వాక్యం ఇది. మన హాస్యరచయితలు మాత్రం రెండు వైపులా సమానంగా తప్పులు పంచుతారు. 'అమ్మ వచ్చాడు' అనిపిస్తారు. ఆ తప్పు నాకు ఇంచుమించు వినపడలేదు.

గోండి పిల్లవాడి సంగతి ఇంకా ఆసక్తికరమైంది. ద్రావిడ భాషల మీద జీవితకాలం కృషిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు 2003లో వెలువడిన తమ పెద్ద గ్రంథంలో ఈ భాషల లింగవ్యవస్థలను వర్గీకరించారు. గోండి, కువి, కొలామీ వంటి భాషల్లో ఏకవచనంలోనే కాదు, బహువచనంలో కూడా స్త్రీలకు వాడేది అమహద్రూపమే. అంటే మనం 'ఆవులు వచ్చాయి' అనేచోట వాడే రూపం వంటిదే వాళ్లు ఆడవాళ్లకూ వాడతారు. అలాంటి ఇంటినుంచి వచ్చిన పిల్లవాడు 'ఆడవాళ్లు వచ్చాయి' అంటే తరగతి నవ్వుతుంది, పంతులు కూడా నవ్వుతాడు. వాడు చేసిందేమిటి? తెలుగులో ఏకవచనంలో స్త్రీకి 'ఇంది' అంటారని గమనించాడు, అది తన భాషలాగే ఉంది, కనుక బహువచనం కూడా తన భాషలాగే ఉంటుందనుకున్నాడు. ఏకవచనంలో ఒక దారీ, బహువచనంలో మరో దారీ పట్టింది మనం. తర్కానికి కట్టుబడింది వాడు.

ఆ 'నీకీ' సంగతి కూడా ఇలాంటిదే. ఇకారం చివర ఉన్న మాటకు 'కి' చేరుతుంది: పులికి, అబ్బాయికి, బడికి. ఆ లెక్కన 'నీ'కి ఏం చేరాలి? 'నీకి' కావాలి. మనం 'నీకు', 'మీకు' అంటాం, అపవాదం కనుక. సేటు నియమాన్ని పాటిస్తాడు. ఈ ఒక్కచోట మన హాస్యరచయితలు తెలియకుండానే నిజం రాశారు.

'మేము', 'మనం' దగ్గర ఇబ్బంది మరో రకం. హిందీలో, ప్రామాణిక ఉర్దూలో రెంటికీ 'హమ్' ఒక్కటే. మరాఠీ పిల్లలకు 'ఆమ్హీ', 'ఆపణ్' ఉన్నాయి కనుక వాళ్లకు సులువు. హైదరాబాదు ఉర్దూలో వినపడే 'అపన్' కొంత ఆసరా ఇస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు రంజాను ముందు 'సార్, రేపు మనం కొత్తబట్టలు వేసుకుంటాం, సేమ్యా తింటాం' అన్నాడు. పక్కవాడు వెంటనే 'సారుక్కూడా కొత్తబట్టలు కుట్టించావా?' అన్నాడు. అందరూ నవ్వారు, ఆ అబ్బాయి కూడా నవ్వాడు. ఆ నవ్వు మన సినిమా హాలు నవ్వు లాంటిది కాదు. 'మనం' అంటే వినేవాణ్ణి కలుపుకోవడమని ఆ పక్కవాడి ప్రశ్న ఒక్క క్షణంలో చెప్పింది. రూపం తప్పు అని చెప్పలేదు, నువ్వన్న మాటకు అర్థం ఇదవుతుంది అని చూపించింది. 'ఉత్తమపురుష బహువచనం రెండు విధములు' అన్న నిర్వచనం వల్ల ఇది సాధ్యంకాదు. కలుపుకోవడం, కలుపుకోకపోవడం నిజంగా జరిగేచోటే ఈ రెండు మాటలకూ అర్థం కుదురుతుంది. తెలుగువాళ్ల మధ్య 'మనం'లో ఎప్పుడూ చేరని పిల్లవాడికి ఆ మాట ఎలా వస్తుంది?

అన్నిటికన్నా బరువైంది 'మీరు'. ఒకే రూపానికి రెండర్థాలు: ఎక్కువమంది అని ఒకటి, మర్యాద అని ఒకటి. నేర్చుకునేవాడు మొదట్లో ఒక రూపానికి ఒకే అర్థాన్ని కడతాడని రోజర్ ఆండర్సన్ 1984లో సూత్రీకరించాడు. 'మీరు' అంటే పదిమంది అని వాడు కట్టుకున్నాడు. ఎదురుగా కుర్చీలో కూర్చున్నది ఒక్క అధికారే. కనుక 'నువ్వు' అంటాడు. బహువచనాన్ని మర్యాదకు వాడే అలవాటు అన్ని భాషలకూ, అన్ని సమాజాలకూ సమానంగా లేదు. కొండమీద 'నువ్వు' అంటే నువ్వే. కిందికి వచ్చేసరికి అది పొగరు అవుతుంది. ఫైలు అక్కడే ఆగుతుంది. పాఠశాలలో అయితే అది క్రమశిక్షణ లేకపోవడం అవుతుంది. వ్యాకరణ రూపానికి అర్థం కట్టేది నిఘంటువు కాదు, అధికారం కూడా అన్నదానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. ఆ పిల్లవాడికి 'మీరు' నేర్పవద్దని కాదు. అది లెక్కకు కాక హోదాకు వాడే బహువచనమని ఉన్నదున్నట్టు చెప్పి నేర్పాలి.

ప్రతి రూపానికీ అర్థం ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. హిందీలో 'రోటీ' ఎందుకు స్త్రీలింగమంటే ఏం చెప్తాం? మన పిల్లలు హిందీ పరీక్షలో 'మైనే రోటీ ఖాయా' అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు. అక్కడ వెతికినా దొరికే అర్థం లేదు. అలాంటివి ఎక్కువగా వినడం వల్లా, చదవడం వల్లా మాత్రమే వస్తాయి. వాటికి రాజ్యాంగం రాసి వడ్డించడం దండగ.

మన వ్యాకరణ బోధన మాత్రం అర్థం ఉన్నవాటికి కూడా అర్థాన్ని ఊడదీసి చెప్తుంది. డుమువుల పాఠం చూడండి. తెలుగు పిల్లలే దాన్ని పద్యంలా అప్పజెప్పి మరిచిపోతారు. సంస్కృతపు చట్రంలో ఏడు విభక్తులను అమర్చిన చిన్నయసూరి సంప్రదాయంలో 'కు' షష్ఠి కింద పడింది. 'నాకు ఇవ్వు', 'బడికి పో', 'నాకు ఆకలేస్తోంది' — తెలుగులో 'కు' చేసే పనులివి. షష్ఠి అంటే సంబంధం అని రాసుకున్న పిల్లవాడు ఈ వాక్యాల్లో దేన్నీ దానితో ముడిపెట్టుకోలేడు. ఉర్దూ ఇంటి పిల్లవాడికి ఇక్కడ చిక్కే లేదు. 'ముఝే భూఖ్ లగీ' అనే వాక్యం వాడి దగ్గర సిద్ధంగా ఉంది, 'నాకు ఆకలేస్తోంది' మొదటిరోజే వస్తుంది. చిక్కు అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలకు. ఇంగ్లీషు తలలో ఉంది కనుక 'నేను ఆకలిగా ఉన్నాను' అంటారు. మాతృభాష అడ్డమే కాదు, ఊతం కూడా. ఎవరికి ఎక్కడ ఊతమో తెలియాలంటే ఉపాధ్యాయుడికి పిల్లవాడి భాష కొంతైనా తెలిసి ఉండాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తిగారు సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు చదువు చెప్పించారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో ఇంగ్లీషులో అచ్చయింది. వ్యావహారిక భాషకోసం ఆయన చేసిన పోరాటాన్ని ఏటా సభలుపెట్టి తలుచుకుంటాం, సవరను ఒక వాక్యంతో సరిపెడతాం. 1940లలో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి గోండిలో వాచకాలు తయారుచేశారు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టింది. ఈ ప్రయత్నాలకు ఒకదాని నుంచి ఒకటి నేర్చుకునే అవకాశం దొరకలేదు. ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది.

అంతవరకు మన చేతిలో ఉన్నది జవాబుపత్రం దిద్దే ఎర్రసిరా కలం. రెండో భాష తెలుగు పేపర్లో 'ఆడవాళ్లు వచ్చాయి' అన్న వాక్యం కనిపిస్తే కొట్టేసి సున్నా పెట్టడం సులువు. అదే పిల్లవాడు మరోచోట 'ఆవులు వచ్చాయి', 'మనుషులు వచ్చారు' అని సరిగా రాశాడేమో చూడండి. రాస్తే వాడికి బహువచన ప్రత్యయాలు రెండూ వచ్చు, వాటి అర్థాలూ వచ్చు. రానిది ఒక్కటే — తెలుగులో స్త్రీలు బహువచనంలో ఎటు చేరతారన్నది. అది పావుగంటలో చెప్పగలిగిన పాఠం. 'నాన్న వచ్చింది', 'ఆవులు వచ్చింది', 'మేము వచ్చింది' అని అంతటా ఒకే రూపం రాసిన పిల్లవాడు వేరు. వాడికి ప్రత్యయమే ఇంకా వినపడలేదు. ఇద్దరికీ ఒకే సున్నా, ఒకే ఇంపొజిషన్ ఇస్తున్నాం.